అవకాడో కోత ఎప్పుడు?

ప్రశ్న: చింతపల్లి దగ్గర మా కాఫీ తోటలో గింజ నాటి పెంచిన అవకాడో చెట్లు కాపుకొచ్చాయి. కాయలు ఎన్నాళ్లున్నా గట్టిగానే ఉంటున్నాయి. కోసినవేమో ముడుచుకుపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: అవకాడో చెట్టు మీద మెత్తబడదు. అక్కడ ముదురుతుందంతే, పండేది కోశాకే. మీ చెట్ల మీద కాయలు గట్టిగా ఉండటం జబ్బు కాదు. ముడుచుకుపోయినవి మాత్రం లేత కాయలు. వాటిని ఎన్నాళ్లు మాగబెట్టినా రబ్బరులా సాగుతాయే తప్ప రుచి రాదు.

ముందు చెట్టుకు రెండు పెద్ద కాయలు కోసి ఇంట్లో గాలి తగిలేచోట పెట్టండి. వారం, పది రోజుల్లో ముడతలు పడకుండా సమంగా మెత్తబడితే ఆ చెట్టు కోతకు వచ్చినట్టే. ఒక కాయ చీల్చి కూడా చూడండి. గింజ పైపొర తెల్లగా, మందంగా ఉంటే ఇంకా ఆగాలి. పలచబడి ముదురు గోధుమ రంగుకు తిరిగితే కోయొచ్చు. గింజ మొక్కలు ఒకదానికొకటి పోలవు. అందుకే ఏ చెట్టుకాచెట్టు పరీక్షించాలి, పక్క చెట్టును చూసి కోయకండి.

కొమ్మలు దులపొద్దు. దెబ్బ తగిలిన చోట కండ నల్లబడుతుంది, కొన్నవాళ్లు మళ్లీ రారు. మామిడికి వాడే చిక్కంతో, కొంచెం తొడిమ ఉంచి కోయండి. పచ్చి కాయల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. త్వరగా పండాలంటే అరటిపండ్లతో కలిపి కాగితపు సంచిలో ఉంచండి.

వానల్లో మొదళ్ల దగ్గర నీరు నిలవకుండా కాలువ తీయండి. ఈ చెట్టును ఎక్కువగా చంపేది వేరుకుళ్లే.