పొద్దున రాసిన పోస్టు ఏమైంది?

ప్రశ్న: హ్యూగోతో తెలుగు బ్లాగు పెట్టుకున్నాను. పొద్దున పది గంటలకు రాసిన పోస్టు సైట్‌లో కనిపించడం లేదు. డ్రాఫ్ట్ దగ్గర ఫాల్స్ అనే ఉంది, ఎర్రరూ రాలేదు. ఏం చేయాలండీ?

జవాబు: పోస్టు పైన తేదీ, సమయం మీరే టైప్ చేసి ఉంటారు. చివర +05:30 లేకపోతే హ్యూగో దాన్ని యూటీసీగా లెక్కేస్తుంది. మీరు రాసిన పది గంటలు దాని లెక్కలో మన మధ్యాహ్నం మూడున్నర. ఇంకా రాని సమయం కదా, ఆ పోస్టును చడీచప్పుడు లేకుండా పక్కన పెట్టేస్తుంది. ఉత్త తేదీ ఒక్కటే రాసినా, తెల్లవారుజామున ఐదున్నర లోపు ఇదే తంతు. అనుమానం తీరాలంటే టెర్మినల్‌లో ‘హ్యూగో లిస్ట్ ఫ్యూచర్’ కొట్టి చూడండి, ఆగిపోయినవన్నీ బయటపడతాయి.

కాన్ఫిగ్ ఫైల్‌లో టైమ్‌జోన్ దగ్గర ‘ఏషియా/కోల్‌కతా’ అని ఇస్తే సరిపోతుంది. ఆ లైను ఫైల్ మొదట్లోనే ఉండాలి. కిందెక్కడో పారామ్స్ సెక్షన్‌లో పెడితే హ్యూగో పట్టించుకోదు. బిల్డ్‌ఫ్యూచర్ ఆన్ చేసేయమని చెప్పేవాళ్లూ ఉంటారు. అలా చేస్తే వచ్చే వారానికని దాచుకున్న పోస్టు కూడా ఈరోజే బయటికొచ్చేస్తుంది, నేనైతే వద్దంటాను.

మార్చాక మళ్లీ బిల్డ్ చేసి అప్‌లోడ్ చేయండి. మూడున్నర దాటినంత మాత్రాన పోస్టు దానంతటది రాదు. బిల్డ్ అయితేనే పేజీ తయారవుతుంది.