గడప జాడ కూడా అమానతే

నమాజు వేళలు, ఖిబ్లా దిశ చూసుకోవడానికి మనలో చాలామంది ఫోన్‌లో యాప్ పెట్టుకున్నాం. తెరవగానే అది లొకేషన్ అడుగుతుంది. మనం ఆలోచించకుండా 'అలౌ' నొక్కేస్తాం. ఆ వివరం ఎంత దూరం పోతుందో 2020 నవంబరులో తెలిసింది. కోట్లమంది వాడే 'ముస్లిం ప్రో' యాప్ నుంచి లొకేషన్ వివరాలు ఎక్స్-మోడ్ అనే అమెరికా కంపెనీకి చేరుతున్నాయని, దాని దగ్గర కొనేవారిలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు కూడా ఉన్నారని 'మదర్‌బోర్డ్' పత్రిక బయటపెట్టింది. ఆ కంపెనీతో సంబంధం తెంచుకుంటున్నట్లు ముస్లిం ప్రో ప్రకటించింది. ప్రార్థనా స్థలాలు, ఆసుపత్రుల వంటి చోట్లకు వెళ్లినవారి లొకేషన్ వివరాలు అమ్మకుండా 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎక్స్-మోడ్‌ను కట్టడి చేసింది.

ఆ వివరాల్లో పేరు లేకపోయినా ఫరక్ పడదు. రాత్రి ఒకే క్వార్టర్‌లో, జుమాకు ఒకే మసీదులో, షిఫ్టు వేళకు ఒకే గని దగ్గర ఉండే ఫోన్ ఎవరిదో కనిపెట్టడం కష్టం కాదు. నిజానికి గోదావరిఖనిలో ఖిబ్లా ఎప్పుడూ ఒకటే: పడమర నుంచి కొద్దిగా ఉత్తరానికి. నమాజు వేళలకు యాప్‌లో ఊరి పేరు ఇస్తే చాలు.

ఇక మన సంగతి. రంజాన్ రేషన్ కిట్లు ఇచ్చేటప్పుడు జీపీఎస్ కెమెరా యాప్‌తో ఫొటో తీస్తే వీధి, తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు దానిమీదే అచ్చవుతాయి. వాట్సాప్ గ్రూపులో వేశాక అది ఎవరెవరికి చేరుతుందో మన చేతిలో ఉండదు. ఒంటరిగా ఉండే వితంతు సోదరి ముఖం, గడప ఊరందరికీ చూపినట్లే.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. బెయిలుపై ఉన్న నిందితుడు సైతం గూగుల్ మ్యాప్స్‌లో తన జాడను పోలీసులకు చూపుతూ ఉండాలనే షరతు చెల్లదని 2024 జూలై 8న చెప్పింది. నిందితుడికి ఉన్న హక్కు సాయం తీసుకున్న పేదవారికి ఉండదా?

కాబట్టి నాలుగు జాగ్రత్తలు:

1. ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ యాప్‌కైనా 'వాడుతున్నప్పుడు మాత్రమే' లొకేషన్ ఇవ్వండి. అక్కర లేనివాటికి ఆపేయండి.
2. లైవ్ లొకేషన్ ఇంటివాళ్లకే, 15 నిమిషాలకే పెట్టండి.
3. కిట్ ఫొటో తీయాల్సివస్తే సామాను మాత్రమే తీయండి, జీపీఎస్ ముద్ర లేకుండా.
4. లబ్ధిదారుల చిరునామాలు ఒకరిద్దరు బాధ్యుల దగ్గరే ఉంచండి.

దాతలు లెక్క అడగడం న్యాయమే. ఆ లెక్క రసీదులో, సంతకంలో, ఆడిట్‌లో చూడండి. మీ జకాత్ మా దగ్గర ఎలా అమానతో, తీసుకున్నవారి గడప జాడ కూడా అలాగే మనందరి దగ్గర అమానత్.