గోలు ముందు తడబాటు: రహీం సాబ్ నేర్పిన పాఠం

మన కళాశాల ఫుట్‌బాల్ జట్టు రక్షణలో గట్టిదే. అయినా ప్రత్యర్థి గోలును సమీపించేసరికి మనవారి కాళ్లు తడబడుతున్నవి. “మంచి ఫార్వర్డు లేడు” అని పలువురు తేల్చివేస్తున్నారు. ఈ నిర్ణయం సరియైనదేనా?

ఆటను పరిశీలించినచో మూడు లోపాలు కనిపిస్తాయి. మొదటిది, బంతి దొరికినవాడు ముగ్గురిని తప్పించి తానే గోలు చేయజూచుట. ఆలోగా ఎదుటి రక్షకులు వెనుకకు వచ్చి దారి మూసివేస్తారు. రెండవది, అందరూ కుడికాలినే నమ్ముకొనుట. ఎడమవైపు వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకొనేలోగా అదను తప్పిపోతుంది. మూడవది, బంతి లేనివారు నిలబడి చూచుట. ఖాళీ చోటికి పరుగెత్తేవాడు లేనప్పుడు బంతిని ఎవరికి అందించగలరు?

ఈ రుగ్మతకు ఔషధం మన నగరంలోనే ఉన్నది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను ఆయన నిర్వహించారు. తొలి నిబంధన స్వార్థాన్ని మాన్పిస్తుంది; బంతిని వెంటనే అందించక తప్పదు గనుక తోటివారు కదలక తప్పదు. రెండవది రెండు కాళ్లకూ పని నేర్పుతుంది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణ పొందిన భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, నాల్గవ స్థానం పొందినది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో, తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలో నిలిపారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి స్వర్ణం సాధించగా, అందులో ఒక గోలు జర్నైల్‌దే. లేని ఆటగాని కొరకు విచారింపక, ఉన్నవారిని సద్వినియోగం చేయుటే గురువు నేర్పు.

నాదర్‌గుల్ పరిసరాలలో ఖాళీ భూములు ప్లాట్లుగా మారిపోతున్న ఈ రోజులలో ఆటస్థలం ఉండుట మన భాగ్యం. కళాశాల కమిటీ పెద్దలకు ఒక్క మనవి: ఈ ఏడు తరగతుల మధ్య డ్రిబ్లింగ్ లేని పోటీ ఒకటి, ఎడమకాలి పోటీ ఒకటి జరిపించండి. ఇందుకు కావలసినది ఒక బంతి, సాయంత్రం ఒక గంట. విద్యార్థి మిత్రులు తమ వంతుగా బంతిని తోటివానికి అందించుట నేర్చుకొంటే, గోలు దానంతట అదే దగ్గరవుతుంది.