పుల్లని పిండిని పోషించుట

పఠింపవలసిన భాగములు: మత్తయి 13:33, 1 కొరింథీ 5:1–8, 2 కొరింథీ 2:5–8

మన ప్రభువు చెప్పిన ఉపమానములోని స్త్రీ అంగడిలో ఈస్టు పొట్లము కొన్నది కాదు. అట్టి ఈస్టు 19వ శతాబ్దములో వచ్చిన సరకు. ఆమె చేతిలోనిది నిన్నటి ముద్దనుండి మిగిల్చిన పులిసిన పిండి; మనము పాలకు వేయు తోడువంటిదే. దానినే ఇప్పుడు సవర్‌డో అని శ్రీ సిటీ ప్రాంతపు ఇండ్లలోను కొందరు పెంచుచున్నారు. దాని పోషణ ఎరిగినవారికి ఈ వాక్యభాగములు మరింత తేటపడునని మా తలంపు.

శుభ్రమైన గాజుసీసాలో 50 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల నీరు కలిపి మూత వదులుగా పెట్టవలెను. దినదినము 50 గ్రాములు మాత్రము ఉంచి తక్కినది తీసివేసి, మరల అంతే పిండి, అంతే నీరు చేర్చవలెను. రెండవ మూడవ దినముననే పొంగినయెడల సంతోషింపరాదు. అది వేరు క్రిముల పని. పిమ్మట కొన్నాళ్లు చప్పబడును. పిండిలో సహజముగా నుండు ఈస్టును, పులుపు పుట్టించు సూక్ష్మజీవులును బలపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. తిండి పెట్టిన కొన్ని గంటలకే రెట్టింపగుట మొదలైనప్పుడు రొట్టెకు పనికివచ్చును. సత్యవేడు, వరదయ్యపాళెము వైపు మే నెల ఎండలకు దినమునకు రెండు మారులు పెట్టవలసి వచ్చును. రాత్రి షిఫ్టులకు పోవువారు, పిండి బలపడిన పిమ్మట, ఫ్రిజ్‌లో ఉంచి వారమున కొకసారి పెట్టిన చాలును.

ఇక ముఖ్యమైన సంగతి. మరచిన సీసాపై బూడిదరంగు నీరు తేలి, ఘాటైన వాసన వచ్చును. అది చెడిపోవుట కాదు, ఆకలి. గులాబి లేక నారింజరంగు చార గాని, బూజు గాని కనబడినయెడల, పైభాగము తీసి తక్కినది ఉంచుకొనుట తగదు; అంతయు పారవేయవలసినదే.

కొరింథు సంఘము ఈ రెండవదానిని ఓర్చుకొని, పైగా అతిశయపడెను. కనుకనే అపొస్తలుడు అంత కఠినముగా వ్రాసెను. అదే అపొస్తలుడు రెండవ పత్రికలో, శిక్ష పొందినవాడు అధిక దుఃఖములో మునిగిపోకుండ ఆదరించుడని బతిమాలెను. (ఇతడు మొదటి పత్రికలోనివాడే యని పూర్వులు అనేకులు తలంచిరి, కాదనువారును కలరు.)

మన సంఘములలో జరుగునది తరచుగా తలక్రిందులు. ఆస్తి తగాదాను, కుల ద్వేషమును ఏండ్ల తరబడి సీసాలో ఉంచుకొందుము. పన్నెండు గంటలు యంత్రమునొద్ద నిలిచి, నాలుగు ఆదివారములు ఆరాధనకు రాలేకపోయిన యౌవనుని మాత్రము చల్లారినవాడని పేరు కొట్టివేయుదుము. అతని సీసాపై తేలినది ఏ నీరో ఎవరైనను చూచిరా?

ఆకలిగొన్న పిండి ఒక్క పూట తిండికి తేరుకొనదు. పై నీరు వంపి, చెంచాడు ముద్ద మిగిల్చి, రెండు మూడు దినములు పూటపూటకు పెట్టవలెను. మొదటి పూట పొంగలేదని సీసా కడిగివేయువారు కలరు.