చరిత్ర తెలియని కారు: ఇంజను పరీక్ష

కోవిల్పట్టి నుండి విరుదునగరమునకు పోవు దారిలో నల్లరేగడి నేలలు విస్తారముగా గలవు. వేసవిలో ఆ దుమ్ము వాహనముల లోనికిని చొరబడును. గాలి వడపోత చెడిన ఇంజనులో అది ఆయిలుతో కలిసి, సిలిండరు గోడలను, పిస్టను రింగులను ఆకురాయివలె అరగదీయును. కావున మన ప్రాంతమున పాత కారు కొనదలచువారు ఈ అరుగుదలను గుర్తించు విధము నెరుగుట మేలు. కష్టార్జితము ఒక్క బేరముతో చేజారకుండవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అంబాసిడరు కారునే తీసికొందము. 1957లో మొదలైన దాని ఉత్పత్తి 2014లో ఆగినది. నేడు అమ్మకమునకు వచ్చు పాత బండి ఎన్ని చేతులు మారినదో చెప్పగలవారు అరుదు. మీటరును నమ్మరాదు, ఐదంకెల మీటరు 99,999 దాటగానే మరల సున్నకు వచ్చును.

మొదటి పరీక్ష చెవితోను, కంటితోను చేయవలసినది. ఇంజను చల్లగా నున్నపుడే చూడవలెను. బానెట్టుపై చేయి పెట్టగా వెచ్చగా నున్నచో, మరొక ఉదయము వత్తుమని చెప్పి మరలి రావలెను. ఏలన, అరిగిన పిస్టను చేయు తట్టుడు చల్లని ఇంజనులో వినబడి, వేడెక్కిన పిదప అణగిపోవును. స్టార్టు చేయగానే కొంతసేపు నీలిపొగ వచ్చినచో వాల్వు గైడులను, బరువు లాగునపుడు వచ్చినచో రింగులను అనుమానింపవలెను. నల్లపొగ పెట్రోలు అధికముగా మండుటకు గుర్తు. ఇంజను వేడెక్కినపుడు ఆయిలు పీడనము మిక్కిలి పడిపోయినచో బేరింగులు అరిగియుండవచ్చును.

రెండవ పరీక్ష కొలతతో చేయవలసినది. దీనిని మెకానిక్కుచేత చేయించుట క్షేమము. ఇంజనును వేడిచేసి ఆపి, ఇగ్నిషను తీగ విప్పి, స్పార్కు ప్లగ్గులన్నియు తీయవలెను. యాక్సిలరేటరును పూర్తిగా నొక్కి, స్టార్టరుతో త్రిప్పుచు, ఒక్కొక్క సిలిండరు పీడనమును గేజితో కొలిచి వ్రాసికొనవలెను. తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మరల కొలువవలెను. అంకె పెరిగినచో లోపము రింగులలోనో, బోరులోనో యున్నది. పెరుగనిచో వాల్వులలోనో, హెడ్ గాస్కెట్టులోనో యున్నది. మొదటి లోపమునకు ఇంజనంతయు విప్పవలసివచ్చును. రెండవదానికి తరచుగా పైభాగము విప్పిన చాలును. ఖర్చులో ఎంతో భేదము గలదు. బేరము ఈ అంకెలను చూచిన పిమ్మటనే చేయవలెను.

మన భాషవారైన కోయంబత్తూరు జి. డి. నాయుడుగారు (1893–1974) యౌవనమున ఒక మోటారు సైకిలు కొని, దానిని విప్పి చూచి యంత్రవిద్య నేర్చిరి. తల్లిదండ్రులారా! ఇట్టి పరీక్షకు పోవునపుడు మీ పిల్లలనుకూడ తోడ్కొనిపొండు. ఆ నాలుగు సిలిండరుల అంకెలను వారిచేతనే తెలుగున వ్రాయించుడు. మాటను నమ్ముటకు ముందు కొలిచి చూడవలెనను పాఠము వారికి జీవితాంతము తోడగును.