పనిబల్లకు ఏ కలప మేలు?

మంచి కలప అనగానే మన తెలుగువారికి మొదట స్ఫురించేది టేకు. బ్రిటన్‌లో గరాజులో చిన్న పనిబల్ల చేసుకొని, పిల్లలకు రంపం పట్టడం నేర్పాలనుకునే తండ్రి, టేకు ధర విని ఆ ఆలోచనే మానుకోవచ్చు. అది అనవసరమైన సంకోచం.

టేకు గొప్పతనం దాని చేవలో ఉన్నది. అందులోని నూనెవంటి పదార్థాలు, టెక్టోక్వినోన్ వంటి రసాయనాలు చెదలను దరిచేరనీయవు. అయితే ఆ నూనెలే జిగురు పట్టుకు అడ్డుతగులుతాయి. చెదల బెడద దాదాపు లేని ఈ దేశంలో, నీడపట్టున ఉండే బల్లకు ఆ రక్షణతో పనిలేదు.

పనిబల్ల చట్రానికి కావలసిన ముఖ్యగుణం దృఢత్వం. చిత్రిక పట్టేటప్పుడు బల్ల ఊగరాదు. ఇక్కడి కలప దుకాణాలలో పైన్, స్ప్రూస్ దుంగలపై సి16, సి24 అనే ముద్రలుంటాయి. ఈ అంకెలు వంపును తట్టుకొనే బలాన్ని చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో తెలుపుతాయి. సగటు స్థితిస్థాపక గుణకం సి16కు 8,000, సి24కు 11,000 న్యూటన్లు. అనగా పై తరగతిని ఎన్నుకొంటే దృఢత్వం మూడోవంతుకు కొంచెం మించి పెరుగుతుంది. కాని దృఢత్వం అడ్డపట్టీ ఎత్తు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. 70 మిల్లీమీటర్ల పట్టీకి బదులు అదే మందంగల 95 మిల్లీమీటర్ల పట్టీని నిలువుగా అమర్చితే దృఢత్వం రెండున్నర రెట్లవుతుంది. కనుక కలప జాతికన్న కొలత ముఖ్యం.

రెండవది తేమ. కలపలోని సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ అణువులు నీటిని ఆకర్షిస్తాయి. సుమారు 30 శాతం దిగువకు తేమ తగ్గినకొద్దీ కలప కుంచించుకొంటుంది; నార పొడవున ఈ మార్పు అత్యల్పం, అడ్డంగా అధికం. 18 శాతం తేమగల 95 మిల్లీమీటర్ల పైన్ పట్టీ, వెచ్చని గదిలో 10 శాతానికి ఎండితే, వెడల్పులో సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గవచ్చు. అతుకులు వదులవడానికి అది చాలు. కాబట్టి కలపను బల్ల ఉండబోయే చోటనే, మధ్య పుల్లలు పేర్చి, కొన్ని వారాలు ఆరనివ్వాలి. అతుకుల చోట పెద్ద ముడులు లేకుండా చూచుకోవాలి.

చివరగా రెండు హెచ్చరికలు. ఆకుపచ్చని పాత కంచె కలపను వాడకండి. 2004లో ఐరోపాలో ఆంక్షలు రాకముందు అటువంటి కలపకు తరచు ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించేవారు. కలప పొడి క్యాన్సర్ కారకమని 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ప్రకటించింది. కోసేటప్పుడు పెద్దలూ పిల్లలూ ముసుగు ధరించాలి.

ఎండిన సి16 పైన్, వెడల్పైన పట్టీలు, బిగువైన అతుకులు - ఇంటి పనిబల్లకు ఇవి చాలును.