గురువారమా, లక్ష్మీవారమా?

చాలకాలము క్రిందట ఒక బాలుడు వారముల పేర్లు వ్రాయుచు గురువారమునకు బదులు లక్ష్మీవారమని వ్రాసెను. నేను దానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని. "మా అమ్మమ్మ అట్లే అంటుందండీ. బజారులో గురుబార అంటారు. ఏది ఒప్పు మాస్టారూ?" అని వాడడిగెను. ఆనాడు తప్పు నాదే. ఆ ప్రశ్నకు సమాధానము తల్లిదండ్రులకును ఉపకరించునని వ్రాయుచున్నాను.

వారమనగా వంతు. పూర్వులు గ్రహములను దూరము ననుసరించి శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని వరుసపెట్టి, గంటకొకరిని అధిపతిగా నెంచిరి. ఆదివారము తొలిగంట రవిది. 25వ గంట చంద్రునిది. కావున మరునాడు సోమవారము. తక్కిన దినములను పిల్లలచే ఇట్లే లెక్కింపజేయుడు.

ఈ పేర్లలో పురాణగాథలు ఇమిడియున్నవి. ఆదిత్యవారమే ఆదివారమైనది. మంగళుడు భూమిపుత్రుడు, కుజుడన్న పేరునకు అర్థమదే. బుధుడు చంద్రతనయుడు. శుక్రుడు అసురగురువు. శనైశ్చరుడనగా మెల్లగా నడచువాడు. ఒక చుట్టు తిరుగుటకు ఆయనకు సుమారు 29½ ఏండ్లు పట్టును.

ఇక గురువారము. దేవగురువగు బృహస్పతి పేర వెలసిన ఈ దినమును క్రీ. శ. 484 నాటి ఏరణ్ స్తంభశాసనము సురగురు దివసమని పేర్కొన్నది. బృహస్పతివారమే జనుల నోట బేస్తవారమైనది. తమిళుల వియాళన్ ఆ గ్రహమే. ఆయన 12 రాశులను చుట్టివచ్చుటకు పట్టు కాలమును బట్టియే మన నదులకు 12 ఏండ్లకొకసారి పుష్కరములు వచ్చుచున్నవి. ఇంగ్లీషువారి థర్స్‌డే మాత్రము ఉరుముల దేవతయగు థోర్ పేర ఏర్పడినది.

లక్ష్మీవారమను పేరు పూజనుబట్టి వచ్చినది. మార్గశిర గురువారములందు విశాఖపట్టణమున కనకమహాలక్ష్మిని సేవింతురు. తమ మార్గశిర గురువారములందు ఒడిశా గృహిణులు ముంగిట ముగ్గులు వేసి, మాణబసా గురుబార పేర ధాన్యలక్ష్మిని కొలుతురు. పేర్లు రెండైనను కొలుచు తల్లి యొక్కతెయే.

కావున ఇరుగుపొరుగు భాషను నేర్చుటచే మన మాట చెడదు. ఇంట పలుకకున్నచో చెడును. ప్రతి ఉదయమున క్యాలెండరు చూపి "నేడేమి వారము?" అని బిడ్డల నడుగుడు. అమ్మమ్మ చెప్పు పేరును కూడ చెప్పనిండు. నేనిప్పుడు దానిని కొట్టివేయను.